బ్యాకప్ సరే, రిస్టోర్ మాటేమిటి? – చేతులు మారుతున్న యిడ్డిష్ సంగీతం

డేటాబేసులతో కుస్తీ పట్టే వాళ్ళందరికీ తెలిసిన మాట ఒకటుంది: ఒక్కసారైనా రిస్టోర్ చేసి చూడని బ్యాకప్, బ్యాకప్ కిందికి రాదు. అర్ధరాత్రి ఫోను మోగుతుంది. సర్వరు కూలిపోయిందంటారు. దాచి ఉంచిన టేపు తీసి చూస్తే సగం ఫైళ్ళు చదవడానికి రావు. మిగతా సగం చదవాలంటే పాత వెర్షను సాఫ్ట్‌వేరు కావాలి. అది నడపడం తెలిసిన ఒకే ఒక్క మనిషి రిటైరై ఫ్లారిడాలో ఉంటాడు. మన వృత్తిలో ఇలాంటి రాత్రి ఒక్కటైనా గడపని వాళ్ళు అరుదు.

కూలిపోయింది సర్వరు కాక ఒక సంస్కృతే అయితే ఏం చేయాలి? పాటలు పాడే వాళ్ళు, వాయించే వాళ్ళు, విని తలలూపే వాళ్ళు మూకుమ్మడిగా పోతే, మిగిలిన టేపులూ కాగితాలూ పట్టుకుని కుర్రకారు దాన్ని మళ్ళీ నిలబెట్టగలరా? ఈసారి ఆ సంగతి ముచ్చటించుకుందాం. నేను ఎంచుకున్న ఉదాహరణ యిడ్డిష్ సంగీతం. "మనకీ యిడ్డిష్‌కీ ఏమిటండీ సంబంధం?" అంటారేమో, కాస్త ఓపిక పట్టండి. అంత పెద్ద క్రాష్ తరువాత ఇంత పట్టుదలగా రిస్టోర్ పనికి పూనుకున్న వాళ్ళు తక్కువ. వాళ్ళు నేర్చుకున్న పాఠాలు మన ఇళ్ళలో కూడా పనికొస్తాయి.

అసలు యిడ్డిష్ అంటే

తూర్పు యూరపు యూదులు వందల ఏళ్ళు ఇంట్లో మాట్లాడుకున్న భాష యిడ్డిష్. పునాది జర్మన్ భాషా కుటుంబానిది. మాటల్లో హీబ్రూ, స్లావిక్ భాషల పాళ్ళు దండిగా కలిశాయి. రాత హీబ్రూ లిపిలో, కుడి నుంచి ఎడమకి. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఈ భాష మాట్లాడే వాళ్ళు కోటికి పైగానే ఉండేవారు. నాజీలు చంపిన అరవై లక్షల మంది యూదుల్లో అత్యధికులు యిడ్డిష్ వాళ్ళే. మిగిలిన వాళ్ళలో సోవియట్ దేశంలో ఉన్నవాళ్ళ మీద స్టాలిన్ ప్రభుత్వం విరుచుకుపడింది. ఇజ్రాయెల్ చేరిన వాళ్ళని హీబ్రూ కలుపుకుంది. అమెరికా వచ్చిన వాళ్ళ పిల్లలు ఇంగ్లీషులోకి జారిపోయారు.

భాష పూర్తిగా పోలేదు సుమా! బ్రూక్లిన్‌లోనూ, మరికొన్ని చోట్లా హసీదిక్ సంప్రదాయ కుటుంబాల్లో పిల్లలు ఇవాళ్టికీ యిడ్డిష్‌లోనే అల్లరి చేస్తారు. తెగిపోయింది వేరే తీగ: నాటకాలు, కార్మికుల పాటలు, పెళ్ళి మేళాల వాద్య సంగీతం, వీటన్నిటినీ ఒక తరం నుంచి ఇంకో తరానికి అందించే మనుషుల వరస.

మా టీములో టెస్టింగ్ చూసే ఒక పెద్దాయన బ్రూక్లిన్‌లో పుట్టి పెరిగాడు. "మీ ఇంట్లో యిడ్డిష్ మాట్లాడేవారా?" అని అడిగితే నవ్వి, "మాట్లాడేవారు, మా పిల్లలకి అర్థం కాకూడదు అనుకున్నప్పుడు" అన్నాడు. నాకు మనవాళ్ళు గుర్తొచ్చారు. మనం దుకాణంలో అమ్మేవాడికి అర్థం కాకూడదని తెలుగులోకి దిగుతాం. వాళ్ళు సొంత పిల్లలకి అర్థం కాకూడదని యిడ్డిష్‌లోకి దిగారు. గుట్టు మాటలకీ, తిట్లకీ మాత్రమే వాడే భాష పిల్లల దగ్గరకి పాటగా ఎలా చేరుతుంది చెప్పండి!

ఇక సంగీతం. పెళ్ళిళ్ళలో వాయించే వాళ్ళని 'క్లెజ్మర్' అనేవారు. పాట, పనిముట్టు అనే అర్థాలున్న రెండు హీబ్రూ మాటలు కలిసి పుట్టిన పేరిది. మన సన్నాయి మేళగాళ్ళలాగే ఇదీ చాలావరకు కుటుంబ వృత్తి. తండ్రి నుంచి కొడుక్కి, మేనమామ నుంచి మేనల్లుడికి వచ్చేది. మొదట్లో వయొలిన్, తీగల మీద చిన్న సుత్తులతో కొట్టి వాయించే త్సింబల్ ముఖ్యం. తరువాత క్లారినెట్ ముందుకొచ్చింది. స్వరం మధ్యలో గొంతు పట్టేసి వెక్కినట్టు వినిపించే ఒక చిన్న విరుపు ఈ సంగీతానికి ప్రాణం. దాన్ని 'క్రెఖ్ట్స్' అంటారు. మన గమకంలాగే అదీ కాగితం మీద పట్టుబడదు.

బ్యాకప్ తీసిన వాళ్ళు

ఈ కథలో మొదటి అదృష్టం ఏమిటంటే, క్రాష్‌కి ముందే బ్యాకప్ తీసిన వాళ్ళున్నారు. రచయిత అన్‌స్కీ 1912 నుంచి 1914 దాకా ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతపు పల్లెలకి పరిశోధక బృందాలని తీసుకెళ్ళాడు. వాళ్ళ చేతిలో ఎడిసన్ ఫోనోగ్రాఫు, మైనపు సిలిండర్లు. ఒక్కో సిలిండరు మీద పట్టేది రెండు నుంచి నాలుగు నిమిషాలు. ముల్లు పెట్టి వినిపించిన ప్రతిసారీ మైనం కాస్త అరుగుతుంది. అంటే చదివిన కొద్దీ చెరిగిపోయే డిస్కు అన్నమాట! ఆ బృందంలో పనిచేసిన కిసెల్‌గోఫ్, మేళగాళ్ళ దగ్గరున్న చేతిరాత సంగీతపు పుస్తకాలని కూడా సేకరించాడు.

తరువాత కీవ్‌లో మొయ్‌సేయ్ బెరెగోవ్‌స్కీ అనే పండితుడు ఈ పని కొనసాగించాడు. యుద్ధకాలంలో సైనికులూ, శరణార్థులూ, బతికి బయటపడ్డ వాళ్ళూ కట్టుకున్న పాటల్ని కూడా ఆయనా, ఆయన సహచరులూ రాసుకున్నారు. 1949లో ప్రభుత్వం ఆయన విభాగాన్ని మూసేసింది. 1950లో ఆయన్ని అరెస్టు చేసి సైబీరియా శిబిరానికి పంపింది. 1955లో విడుదలై, 1961లో కన్నుమూశాడు. తన సేకరణ నాశనమైపోయిందనే అనుకుంటూ పోయాడు పాపం. 1990ల్లో కీవ్‌లోని వెర్నాడ్‌స్కీ జాతీయ గ్రంథాలయంలో అవి బయటపడ్డాయి. వెయ్యికి పైగా సిలిండర్లున్న ఆ భాండాగారాన్ని యునెస్కో 2005లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

ఇక అమెరికా సంగతి. 1910లు, 20లలో న్యూయార్క్ గ్రామఫోను కంపెనీలు వలస వచ్చిన వాళ్ళకి అమ్ముకోవడానికి యిడ్డిష్ ప్లేట్లు పుట్టలుగా తీశాయి. నఫ్తులే బ్రాండ్‌వైన్, డేవ్ టారస్ అనే ఇద్దరు క్లారినెట్ ఉద్దండుల వాద్యం మనకి దక్కింది వాటి పుణ్యమే.

పుస్తకాల వైపు చూస్తే ఆరన్ లాన్‌స్కీ కనిపిస్తాడు. తాతలు పోయాక మనవలు చదవలేని పుస్తకాలని చెత్తకుప్పలో వేస్తుంటే చూడలేక, 1980లో ఇంకా పాతికేళ్ళ వయసులో ఇల్లిల్లూ తిరిగి పోగు చేయడం మొదలుపెట్టాడు. ప్రపంచం మొత్తం మీద మిగిలినవి 70,000 దాకా ఉంటాయని అప్పటి పండితుల అంచనా. చివరికి పోగైనవి పది లక్షల పైచిలుకు! ఇప్పుడు మసాచుసెట్స్‌లోని ఆమ్‌హెర్స్ట్‌లో యిడ్డిష్ బుక్ సెంటర్ ఉంది. వేల పుస్తకాలు స్కాను చేసి అందరికీ ఉచితంగా పెట్టారు. తాటాకులు పోగు చేసి, వేమనని అచ్చు వేయించిన మన బ్రౌన్ దొర గుర్తుకు రావడం లేదూ?

ప్లేటు మీద లేనిది

1970ల్లో కొంతమంది అమెరికన్ కుర్రాళ్ళు రిస్టోర్‌కి పూనుకున్నారు. వాళ్ళలో ముఖ్యుడు హెన్రీ సపోజ్నిక్. ఈయన మొదట బాంజో వాయిస్తూ, నార్త్ కరొలైనా కొండల్లోని టామీ జారెల్ అనే పెద్ద విద్వాంసుడి దగ్గర అక్కడి జానపద సంగీతం నేర్చుకోవడానికి వెళ్ళేవాడు. నా దగ్గరకి వచ్చే వాళ్ళలో ఇంతమంది యూదు కుర్రాళ్ళున్నారే, మీకు మీ సంగీతం లేదా అని ఆ పెద్దాయన ఒకసారి అడిగాడట. సపోజ్నిక్ ఇంటికొచ్చి పాత ప్లేట్లు వెతకడం మొదలుపెట్టాడు. 1982లో న్యూయార్క్‌లోని యివో సంస్థలో శబ్ద భాండాగారాన్ని నెలకొల్పింది ఆయనే.

ప్లేట్లు దొరికాయి. విని, అచ్చంగా అలాగే వాయించడం నేర్చుకున్నారు. అక్కడే అసలు చిక్కు వచ్చింది. ప్లేటు అనేది ఒక ఫార్మాట్. ఏ ఫార్మాట్‌కైనా పరిమితులుంటాయి. ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు. అందుకని పెళ్ళిలో అరగంట సాగే నాట్యపు బాణీని మూడు నిమిషాలకి కత్తిరించారు. 1925కి ముందు మైకు లేదు. పెద్ద కొమ్ము ముందు నిలబడి వాయించాలి. డప్పు గట్టిగా కొడితే ముల్లు ఎగిరిపడుతుంది. త్సింబల్ లాంటి మెత్తటి వాద్యం వినిపించదు. కాబట్టి ప్లేటు మీద ఉన్న మేళం వేరు, పెళ్ళిలో ఉన్న మేళం వేరు. దానికితోడు ఆ రోజుల్లో ప్లేటు తిరిగే వేగానికి ఖచ్చితమైన ప్రమాణం లేదు. వేగం మారితే శ్రుతి మారిపోతుంది. మన భాషలో చెప్పాలంటే ఇది కంప్రెస్ చేసిన ఫైలు. కంప్రెస్ చేసేటప్పుడు పోయిన సమాచారం ఎంత మంచి ప్లేయరు పెట్టినా తిరిగి రాదు.

పోయిన సమాచారం ఎక్కడుంది? ముసలి వాళ్ళ బుర్రల్లో ఉంది. అప్పటికి వాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. ఆండీ స్టాట్‌మన్ అనే యువకుడు డేవ్ టారస్ ఇంటికి వెళ్ళి శిష్యరికం చేశాడు. 1978లో స్టాట్‌మన్, జెవ్ ఫెల్డ్‌మన్ కలిసి న్యూయార్క్‌లో టారస్‌ని మళ్ళీ వేదిక ఎక్కించారు. అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి. బోస్టన్‌లో సంగీత కళాశాల అధ్యాపకుడు హాంకస్ నెట్‌స్కీ, తన తాతా మేనమామా ఫిలడెల్ఫియాలో ఈ మేళాల్లోనే వాయించారని తెలుసుకుని, 1980లో విద్యార్థులతో క్లెజ్మర్ కన్సర్వేటరీ బ్యాండు పెట్టాడు. అందులో క్లారినెట్ వాయించిన వాళ్ళలో డాన్ బైరన్ అనే నల్లజాతి యువకుడు ఒకడు. తరువాత జాజ్ ప్రపంచంలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

అన్నిటికంటే తమాషా నాట్యం సంగతి. ఈ బాణీలన్నీ నాట్యానికి కట్టినవే. కుర్రాళ్ళకి బాణీలు వచ్చాయి కానీ అడుగులు రావు. అడుగు తెలియకపోతే నడక కుదరదు. ఎంత వేగంగా వాయిస్తే అంత గొప్ప అనుకుంటారు. వాయిస్తుంటే ఎదురుగా అరవై ఏళ్ళ అత్తగారు వియ్యపురాలితో కలిసి ఆడాలన్న స్పృహ ఉంటే అంత పరుగు తీయరు కదా! మైకేల్ ఆల్పర్ట్, ఫెల్డ్‌మన్ లాంటి వాళ్ళు ఉక్రెయిన్ నుంచి వచ్చిన బ్రోన్యా సకీనా వంటి పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని పాటలూ, అడుగులూ, పెళ్ళి తంతులూ ఒక్కొక్కటే రాబట్టారు.

హోటల్లో వారం రోజుల గురుకులం

ఒక్కొక్కరు ఒక్కో గురువు దగ్గర నేర్చుకుంటే ఎంతమందికి అందుతుంది? దీనికి సపోజ్నిక్, గాయని ఏడ్రియన్ కూపర్ కలిసి కనిపెట్టిన ఉపాయం క్లెజ్‌క్యాంప్. 1985లో మొదలైంది. డిసెంబరు చివరి వారంలో, ఎక్కువ ఏళ్ళు న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో, ఒక హోటలు మొత్తం తీసుకునేవారు. పొద్దున వాద్యం, పాట, భాష, నాట్యం తరగతులు. రాత్రి అందరూ కలిసి ఆట. పిల్లలకి వేరే తరగతులు. పదేళ్ళ పిల్లా, ఎనభై ఏళ్ళ విద్వాంసుడూ ఒకే బల్ల దగ్గర భోంచేసేవారు. అసలు చదువు చాలావరకు ఆ బల్ల దగ్గరే జరిగేదంటే ఆశ్చర్యం లేదు.

గెర్మన్ గోల్డెన్‌ష్టేన్ కథ వింటే ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది. బెస్సరేబియాలో పుట్టి, చిన్నప్పుడే యుద్ధంలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న క్లారినెట్ విద్వాంసుడు. 1994లో బ్రూక్లిన్ వచ్చినప్పుడు ఆయన వెంట తెచ్చుకున్న ఆస్తి, తన చేత్తో రాసుకున్న వందల కొద్దీ బాణీలు. ఇక్కడి వాళ్ళు ఎన్నడూ వినని బాణీలవి. క్లెజ్‌క్యాంప్‌లో వాటిని కుర్రాళ్ళకి నేర్పాడు. 2005 డిసెంబరులో అక్కడే వాళ్ళతో కలిసి ఆయన ఆల్బం రికార్డు చేశారు. 2006లో ఆయన పోయాడు. ఆర్నెల్లు ఆలస్యమైతే ఆ ఆల్బం ఉండేది కాదు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ క్లెజ్మర్ వాళ్ళు నలుగురు కలిసినా ఆ బాణీలు వినిపిస్తాయి.

క్లెజ్‌క్యాంప్ 2014 డిసెంబరులో ఆఖరిసారి జరిగింది. మరుసటి డిసెంబరుకే అక్కడ నేర్చుకుని, నేర్పిన వాళ్ళు 'యిడ్డిష్ న్యూయార్క్' పేరుతో కొత్త ఉత్సవం మొదలుపెట్టేశారు. కెనడాలో 1996లోనే క్లెజ్‌కెనడా వచ్చింది. ఒక మెషీను ఆగితే ఇంకోటి అందుకునేలా ఏర్పాటు చేసుకున్నారన్నమాట.

కీవ్ నోటుబుక్కులు, ప్రపంచమంతా టైపిస్టులు

మన రంగం వాళ్ళకి బాగా నచ్చే భాగం ఇది. కిసెల్‌గోఫ్ పోగు చేసిన ఆ చేతిరాత పుస్తకాలూ, మకొనొవెత్‌స్కీ అనే వయొలిన్ విద్వాంసుడు బెరెగోవ్‌స్కీకి రాసిచ్చిన బాణీలూ కీవ్ గ్రంథాలయంలో ఉండిపోయాయి. క్లెజ్మర్ ఇన్‌స్టిట్యూట్ అనే చిన్న సంస్థ వాటి ఫొటోలు సంపాదించి, 2020లో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. మొత్తం సుమారు 1,300 బాణీలు. పేజీలు స్వచ్ఛంద సేవకులకి పంచారు. సంగీతం వచ్చిన వాళ్ళు కంప్యూటరు స్వరలిపిలోకి ఎక్కిస్తారు. రష్యన్, యిడ్డిష్ చేతిరాత చదవగలిగిన వాళ్ళు అంచున గిలికిన మాటలు విప్పుతారు. ఇంకొకరు సరిచూస్తారు. ఓపెన్ సోర్స్ పద్ధతే!

ఇందులో గొప్ప ఏమిటంటే, టైపు చేసే వాళ్ళలో చాలామంది వాయించే వాళ్ళే. లాక్‌డౌన్ రోజుల్లో ఇంట్లో కూర్చుని పేజీ ఎక్కించిన మనిషి, ఆ బాణీని వాద్యం మీద పలికించి చూస్తాడు. ఇక్కడ ఒక స్వరం తేడాగా ఉందే, రాసిన వాడు తొందరలో పడ్డాడా, లేక ఆ ఊరి పద్ధతే అంతా అని వాదన మొదలవుతుంది. ఆ వాదనే చదువు. 2022 ఫిబ్రవరిలో రష్యా దండెత్తి కీవ్ మీద క్షిపణులు పడ్డప్పుడు, ఈ పుస్తకాల నకళ్ళు అప్పటికే వేరే దేశాల్లో కుర్రాళ్ళ చేతుల్లో ఉన్నాయి. ఆఫ్‌సైట్ బ్యాకప్ అంటే ఇదీ.

బెరెగోవ్‌స్కీ యుద్ధకాలపు పాటలది ఇంకో కథ. టొరాంటో విశ్వవిద్యాలయంలోని అన్నా ష్టెర్న్‌షిస్ వాటిని వెలికి తీసింది. చాలా పాటలకి మాటలే ఉన్నాయి, వరసలు లేవు. గాయకుడు ప్సోయ్ కొరొలెంకో ఆ కాలపు బాణీలు ఆధారంగా వరసలు కూర్చాడు. 2018లో 'యిడ్డిష్ గ్లోరీ' ఆల్బం వచ్చి గ్రామీ నామినేషన్ దాకా వెళ్ళింది. ఫైలులో సగం పోతే మిగతా సగం కళాకారుడే పూరించాలి. ఏ టూలూ ఆ పని చేయదు.

అక్షరాల తంటాలు

పుస్తకాలు స్కాను చేస్తే చాలదు, వెతకడానికి వీలుండాలి. యిడ్డిష్‌కి ఇక్కడ మన కష్టాలే వచ్చాయి. హీబ్రూ లిపే అయినా యిడ్డిష్‌లో అచ్చులకి విడిగా అక్షరాలుంటాయి. హీబ్రూ నుంచి వచ్చిన మాటలు మాత్రం పాత వర్ణక్రమంలోనే రాస్తారు. సోవియట్ ముద్రణల్లో వాటిని కూడా ఉచ్చారణ ప్రకారం రాశారు. ఒకే మాటకి రెండు మూడు రూపాలు. యూనికోడ్‌లో ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా కూర్చవచ్చు. కంటికి ఒకేలా ఉంటాయి, సెర్చ్‌కి వేరువేరు. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మారిన రోజుల్లో తెలుగు వాళ్ళు పడ్డ పాట్లు గుర్తుకొస్తాయి. అసాఫ్ ఉరియెలి అనే భాషాసాంకేతికుడు యిడ్డిష్ కోసమే ఒక ఓపెన్ సోర్స్ ఓసీఆర్ రాశాడు. ఇప్పుడు ఒక గాయని ఏదైనా మాట కొట్టి, వేల పుస్తకాల్లో అది ఎక్కడుందో చూసుకోగలదు. మరచిపోయిన కవిత దొరుకుతుంది, దానికి కొత్త వరస పుడుతుంది.

ఫోర్క్ చేస్తే తప్పా?

మాంట్రియల్‌లో 'సోకాల్డ్' అనే పేరుతో పాడే జాష్ డోల్గిన్ హిప్‌హాప్ కుర్రాడు. పాత సామాన్ల కొట్టులో శాంప్లింగ్‌కి ప్లేట్లు వెతుకుతుంటే యిడ్డిష్ ప్లేటు చేతికొచ్చింది. ర్యాప్‌లో కలిపాడు. ఆంథనీ రసెల్ శాస్త్రీయ ఒపేరా నేర్చిన నల్లజాతి గాయకుడు. యిడ్డిష్ పాటలనీ, తన పూర్వీకుల ఆఫ్రికన్ అమెరికన్ పాటలనీ పక్కపక్కన పెట్టి పాడతాడు. 2018లో న్యూయార్క్‌లో 'ఫిడ్లర్ ఆన్ ది రూఫ్' నాటకాన్ని యిడ్డిష్‌లో వేస్తే, నటుల్లో చాలామందికి అంతకుముందు ఆ భాష రాదు. వల్లె వేసి నేర్చుకున్నారు.

ఇదంతా సంప్రదాయమేనా అని పెద్దలు గొణిగారు, గొణుగుతారు కూడా. నా మటుకు నాకు ఒకటే కొలబద్ద కనిపిస్తోంది. మూలం బాగా చదివి ఫోర్క్ చేసిన వాడు నాలుగు రోజులు నిలుస్తాడు. డోల్గిన్ శాంపిల్ దగ్గర ఆగిపోలేదు, భాషా పాటా నేర్చుకుని, క్లెజ్‌కెనడాలో పిల్లలకి నేర్పే దాకా వెళ్ళాడు.

మన సంగతి

తెలుగుకి అలాంటి క్రాష్ రాలేదు, రాకూడదు. కోట్లమంది మాట్లాడే భాష మనది. కానీ పరదేశంలో ఒక్కో ఇల్లూ ఒక్కో సర్వరే. నెడునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వంటి పెద్దలు జానపద గేయాలు పోగు చేసి పుస్తకాలకెక్కించారు. అవి బ్యాకప్. మన అమ్మమ్మలు పాడే అప్పగింతల పాటలో ఏ మాట దగ్గర గొంతు తగ్గించాలో, ఎక్కడ వియ్యపురాలి వైపు చూసి నవ్వాలో ఆ పుస్తకాల్లో ఉండదు.

ఈసారి అమ్మానాన్నలు ఆర్నెల్లు ఉండడానికి వచ్చినప్పుడు ఫోనులో రికార్డు చేయండి, మంచిదే. పాటతో ఆపకండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో పాడేవారు, పక్కన ఎవరుండేవారు, ఏ చరణం మరచిపోయారు అన్నీ అడిగి అదే ఫైలులో ఉంచండి. నకలు ఒకటి వేరే ఊళ్ళో ఉన్న తమ్ముడికో చెల్లెలికో పంపండి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లని పక్కన కూర్చోబెట్టి ఒక్క పాట, ఒకే ఒక్క పాట, నేర్పించమనండి. తప్పులు అమ్మమ్మే దిద్దాలి. మీరు మధ్యలో దూరకండి.

అమ్మమ్మ తిరిగి విమానం ఎక్కిన నెలకి, ఫైలు వినిపించకుండా ఆ పాట పాడమని పిల్లని అడగండి. మొత్తం వస్తే రిస్టోర్ అయినట్టే. ఒక చరణం దగ్గర ఆగిపోతే అమ్మమ్మకి ఫోను కలపండి. అటు పక్క ఎత్తడానికి మనిషి ఉన్నప్పుడే ఆ పని చేయాలి.